కెమెరా పెట్టాం సరే, దాని తాళం ఎవరి దగ్గరుంది?

డిసెంబరు వచ్చిందంటే హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర మనవాళ్ళ మాటలన్నీ ఒకే దారిలో నడుస్తాయి. దర్శనం అయ్యాక క్యాంటీన్‌లో దోశ ప్లేటు పట్టుకుని కూర్చోగానే మొదటి ప్రశ్న "టిక్కెట్లు ఎప్పటికి తీశారు?" రెండోది "సంక్రాంతికి అక్కడే ఉంటారా?" మూడో ప్రశ్న మాత్రం కాస్త గొంతు తగ్గించి అడుగుతారు. "ఐదారు వారాలు ఇల్లు ఎవరు చూసుకుంటారండీ?"

ఒకప్పుడు దీనికి జవాబు పక్కింటి ఆస్ట్రేలియన్ దంపతులు. ఇప్పుడు జవాబు వైర్‌లెస్ కెమెరా. సేల్‌లో నాలుగు కెమెరాల సెట్టు కొని, గోడకు రెండు స్క్రూలు బిగించి, ఫోన్‌లో యాప్ వేసుకుంటే తెనాలిలో కూర్చుని సిడ్నీ వాకిలి చూసుకోవచ్చు. సిడ్నీలో కూర్చుని తెనాలి వాకిలీ చూసుకోవచ్చు. మన రాష్ట్రాల్లోనూ ఇది కొత్తేమీ కాదు. ఊరెళ్ళేవాళ్ళు ముందుగా చెబితే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి కాపలా కాసే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతిని ఆంధ్రప్రదేశ్ పోలీసులే తెచ్చారు. హైదరాబాద్‌లో 'నేను సైతం' పేరుతో కాలనీలే చందాలు వేసుకుని సీసీ కెమెరాలు పెట్టించుకున్నాయి.

కెమెరా మంచిదే. వద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అయితే కెమెరా అంటే ఇంటికి పెట్టిన ఇంకో తలుపు. ఆ తలుపు తాళం ఎవరెవరి దగ్గరుందో మనలో ఎంతమందికి తెలుసు? నాకు తెలియదని రెండేళ్ళ క్రితం తెలిసింది.

మా అమ్మ చెయ్యి ఊపింది ఎవరికి?

నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక తెనాలి ఇంట్లో కెమెరా పెట్టించాను. ఆయన మెట్లెక్కలేక హాల్లోనే మంచం వేయించుకున్నారు కాబట్టి కెమెరా కూడా హాల్లోనే పెట్టించాం. అటూ ఇటూ తిరిగే రకం. మాట్లాడితే వినిపిస్తుంది, మనం మాట్లాడితే అక్కడ పలుకుతుంది. ఊళ్ళో కెమెరాలు బిగించే కుర్రాడు వచ్చి గంటలో పని ముగించి, నాకు వాట్సాప్‌లో ఐడీ, పాస్‌వర్డ్ పంపాడు. ఇద్దరినీ కళ్ళారా చూసుకుంటున్నానని నేను సంబరపడ్డాను.

ఒకరోజు ఫోన్‌లో అమ్మ మామూలుగా అంది. "రాత్రి పదకొండింటప్పుడు చూశావుగా చిన్నా, కెమెరా నా వైపు తిరిగింది. ఇంకా పడుకోలేదేంట్రా అనుకుని చెయ్యి ఊపాను."

అక్కడ రాత్రి పదకొండంటే, మా ఎండాకాలం లెక్కన ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. నేను మంచి నిద్రలో ఉంటాను.

అమ్మకి ఏమీ చెప్పకుండా యాప్ తెరిచి, అంతవరకూ ఎప్పుడూ చూడని ఒక పేజీ చూశాను. ఆ అకౌంట్‌లో ఏయే ఫోన్లు లాగిన్ అయ్యి ఉన్నాయో చూపించే పేజీ అది. ఐదు ఫోన్లున్నాయి. నాది, అన్నయ్యది, వదినది. మిగతా రెండూ ఎవరివో మాకు తెలియదు. అడిగితే ఒకటి తనదేనని బిగించిన కుర్రాడు ఒప్పుకున్నాడు. అకౌంట్ తన మెయిల్‌తోనే తెరిచాడట. "ఏదైనా ప్రాబ్లం వస్తే చూడటానికి సార్, అందరికీ అలానే పెడతాం" అన్నాడు. పాస్‌వర్డ్ కూడా అందరికీ అదే పెడతాడట. ఐదో ఫోన్ ఎవరిదో ఈనాటికీ తేలలేదు.

ఆ రాత్రి కెమెరాను ఎవరైనా తిప్పారో, కదలికను బట్టి దానంతటది తిరిగిందో నేను చెప్పలేను. ఆ రకం కెమెరాలు మనిషి కదిలితే వాటంతటవే తిరుగుతాయి కూడా. కానీ చూడాలనుకున్నవాడికి చూసే వీలుంది, అది మేమే చేతికిచ్చాం. ఆ మాట ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

దొంగ ఏ దారిన వస్తాడు?

హ్యాకింగ్ అనగానే చీకటి గదిలో కూర్చుని టకటకా టైపు చేసే సినిమా మనిషి గుర్తొస్తాడు. కెమెరాల విషయంలో చాలాసార్లు అంత కష్టమేమీ ఉండదు. మనం తీసి ఉంచిన తలుపు నుంచే వస్తారు. ఆ తలుపులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్. ఎప్పుడో పదేళ్ళ క్రితం ఏదో షాపింగ్ సైట్‌లో పెట్టిన మెయిల్, పాస్‌వర్డ్ ఆ సైట్ నుంచి లీకవుతాయి. అవే కెమెరా యాప్‌కి కూడా సరిపోతాయేమోనని వేల అకౌంట్ల మీద ప్రోగ్రాముతో ప్రయత్నిస్తారు. 2019 డిసెంబరులో అమెరికాలోని మిసిసిపీలో ఎనిమిదేళ్ళ పాప గదిలోని రింగ్ కెమెరా నుంచి ఒక అపరిచితుడు తాను శాంటాక్లాజ్‌నంటూ మాట్లాడిన వీడియో ప్రపంచమంతా చూసింది. 2023 మేలో రింగ్ మీద చర్య తీసుకున్నప్పుడు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెప్పిన లెక్క ప్రకారం, ఇలాంటి దాడుల్లో సుమారు 55,000 మంది అమెరికా కస్టమర్ల అకౌంట్లు ఇతరుల చేతికి చిక్కాయి. కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

రెండోది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకపోవడం. 2016లో మిరాయ్ అనే వైరస్ అరవై పైచిలుకు డిఫాల్ట్ ఐడీ, పాస్‌వర్డ్ జంటలను వరసగా ప్రయత్నిస్తూ లక్షల కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను లొంగదీసుకుంది. ఆ అక్టోబరు 21న అవన్నీ కలిసి డిన్ అనే సంస్థ మీద విరుచుకుపడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి కొన్ని గంటలపాటు తెరుచుకోలేదు. తమ కెమెరా ఆ దాడిలో పాల్గొన్నట్టు వాటి సొంతదారులకు తెలియనే తెలియదు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరా దృశ్యాలు యూట్యూబ్, టెలిగ్రామ్‌లలో బయటపడ్డాయి. వైద్యం కోసం వెళ్ళిన ఆడవాళ్ళ వీడియోలను డబ్బులకు అమ్మారు. అక్కడి వ్యవస్థకు 'అడ్మిన్123' అనే డిఫాల్ట్ పాస్‌వర్డే ఉండిపోయిందని తర్వాత పత్రికల్లో వచ్చింది.

మూడోది, రౌటర్‌లో తెరిచిన కంత. బయట నుంచి కెమెరా కనిపించాలని కొందరు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెడతారు. కొన్ని పరికరాలు యూపీఎన్‌పీ అనే సదుపాయం వాడుకుని మనకు చెప్పకుండానే ఆ దారి తెరుచుకుంటాయి. అప్పుడు కెమెరా నేరుగా ఇంటర్నెట్ వీధిలో నిలబడుతుంది. ఇలా వీధిలో ఉన్న పరికరాలను వెతికిపెట్టడానికి షోడాన్ లాంటి సెర్చ్ ఇంజన్లే ఉన్నాయి. 2014లో ఒక వెబ్‌సైట్ ఇలా దొరికిన సుమారు 73,000 కెమెరాల ప్రత్యక్ష దృశ్యాలను దేశాలవారీగా పేర్చి చూపించింది.

నాలుగోది, మా ఇంట్లో జరిగింది. ఒకే లాగిన్‌ను పదిమందికి పంచడం. బావమరిదికి ఒకసారి, డ్రైవర్‌కి ఒకసారి, బిగించినవాడికి ఎప్పటికీ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు పెద్దలు.

ఇవికాక మన చేతిలో లేనిది ఇంకోటుంది, కంపెనీ పొరపాటు. 2021 మేలో యూఫీ కంపెనీ సర్వర్ అప్‌డేట్‌లో వచ్చిన లోపం వల్ల కొందరికి తమ యాప్‌లో వేరేవాళ్ళ ఇళ్ళు కనిపించాయి. అందులో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇళ్ళు కూడా ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో వైజ్ కంపెనీ కెమెరాల విషయంలో సుమారు 13,000 మందికి తమవి కాని కెమెరాల బొమ్మలు వెళ్ళాయి. అక్కడ ఏ పాస్‌వర్డూ కాపాడలేదు. అందుకే కెమెరాకు ఎంత గట్టి తాళం వేశాం అన్నదానికన్నా ముందు, దాన్ని ఎటు తిప్పి పెట్టాం అన్నది ముఖ్యం.

ఒక ఆదివారం గంటసేపు కేటాయించండి

ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే ముందు ఈ పనులు చేసుకోండి. వరస మార్చకుండా చేస్తే తేలిక.

1. ముందుగా మీ మెయిల్‌కు కొత్త పాస్‌వర్డ్, టూ-ఫ్యాక్టర్ పెట్టండి. మెయిల్ చేతికి చిక్కితే "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కి కెమెరా అకౌంట్ లాక్కోవడం నిమిషం పని. మీ మెయిల్ ఇప్పటికే ఏ లీకులో బయటపడిందో 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. దాన్ని 2013లో మొదలుపెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంటే.

2. కెమెరా యాప్‌కు ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి. పొడవుగా ఉండటం ముఖ్యం. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకుంటే మనకు గుర్తుంటుంది, ఎదుటివాడికి ఊహకందదు. గుమ్మడికాయ, ఇస్త్రీపెట్టె, నాగలి, తుమ్ము అన్నట్టు. ఇవే పెట్టుకోకండి, మీవి మీరు ఎంచుకోండి. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరం, 'గోవిందా123' వద్దు. భక్తి వేరు, పాస్‌వర్డ్ వేరు.

3. టూ-ఫ్యాక్టర్ తప్పనిసరిగా ఆన్ చేయండి. పాస్‌వర్డ్ దొరికినా మీ ఫోన్‌కు వచ్చే కోడ్ లేకుండా లోపలికి రాలేరు. వీలుంటే ఎస్సెమ్మెస్‌కు బదులు అథెంటికేటర్ యాప్ వాడండి. మన వాళ్ళకు ఇందులో ఇంకో లాభం ఉంది. ఇండియా వెళ్ళాక ఆస్ట్రేలియా సిమ్ తీసేసినా కోడ్ వస్తుంది. ఆ కోడ్‌ను ఫోన్‌లో ఎవరు అడిగినా చెప్పకండి.

4. లాగిన్ అయిన ఫోన్ల జాబితా చూడండి. తెలియనిది కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్ తీసుకుని అప్పుడు తొలగించండి. ఇంట్లోవాళ్ళకు మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. యాప్‌లో 'షేర్' పద్ధతిలో వాళ్ళ అకౌంట్‌కు చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి. రేపు వద్దనుకుంటే ఒక్క నొక్కుతో తీసేయవచ్చు.

5. రౌటర్ సంగతి చూడండి. దానికి రెండు పాస్‌వర్డులుంటాయి. ఒకటి వైఫైది, రెండోది రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళే అడ్మిన్ పాస్‌వర్డ్. రెండోదాన్ని మార్చడం చాలామంది మర్చిపోతారు. డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. డబ్ల్యూపీఎస్, యూపీఎన్‌పీ ఆపేయండి. మీకు తెలియకుండా పోర్ట్ ఫార్వర్డింగ్ ఉందేమో చూసి తీసేయండి.

6. కెమెరాలను గెస్ట్ వైఫై మీదికి మార్చండి. అప్పుడు కెమెరా చేజారినా, దాని నుంచి మీ లాప్‌టాప్, ఆఫీసు పనులున్న నెట్‌వర్క్‌లోకి పాకడం కష్టం. చాలా కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి గెస్ట్ వైఫైలో అది ఆన్‌లో ఉండేలా చూసుకోండి. సెట్ చేసేటప్పుడు ఫోన్ కూడా కాసేపు అదే వైఫైలో ఉండాల్సి రావచ్చు.

7. కెమెరాకు, రౌటర్‌కు అప్‌డేట్లు వేయండి. ఆటోమేటిక్ అప్‌డేట్ ఉంటే ఆన్ చేయండి. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన పాత కెమెరా ఎంత బాగా పనిచేస్తున్నా మార్చేయడమే మేలు. అమ్మేసినా, ఎవరికైనా ఇచ్చేసినా ముందు అకౌంట్ నుంచి తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మెమరీ కార్డు తీసుకుని ఇవ్వండి.

వైర్‌లెస్‌కు ఉన్న సొంత బలహీనత

వైర్ లేని కెమెరాకు ఊపిరి వైఫై సిగ్నలే. ఆ సిగ్నల్‌ను చెడగొట్టే జామర్లున్నాయి. వైఫై నుంచి పరికరాన్ని బయటికి నెట్టే దొంగ సందేశాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో జామర్ వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధం. కానీ దొంగతనానికి వచ్చినవాడు చట్టం చూసుకుని రాడు. డబ్ల్యూపీఏ3లో ఆ దొంగ సందేశాలను పట్టించుకోకుండా చేసే రక్షణ తప్పనిసరిగా ఉంటుంది. జామర్‌కు మాత్రం అది విరుగుడు కాదు. కెమెరాలోనే మెమరీ కార్డు ఉంటే, నెట్ పోయినా రికార్డింగ్ మిగిలే అవకాశం ఉంది. కెమెరా ఆఫ్‌లైన్ అయితే ఫోన్‌కు కబురు వచ్చేలా పెట్టుకోండి.

హెలెన్స్‌బర్గ్ లాంటి చోట్ల చుట్టూ అడవి. గాలివానకు కరెంటు పోయినా, నెట్ పోయినా కెమెరా ఆగిపోతుంది. ఆఫ్‌లైన్ కబురు వచ్చిన ప్రతిసారీ దొంగలు పడ్డారని హైదరాబాద్ నుంచి కంగారుపడక్కర్లేదు. ఒకసారి వచ్చి చూసిపోయే పక్కింటివాళ్ళ నంబరు మాత్రం దగ్గరుండాలి. ఆ పాత జవాబు ఇప్పటికీ పాతబడలేదు.

అమ్మానాన్నల ఇంటి కెమెరా

నిజం చెప్పాలంటే ఇక్కడి ఇంటి కెమెరాకన్నా అక్కడి ఇంటి కెమెరా గురించే నాకు భయం ఎక్కువ. ఇక్కడ మనం ఇంట్లో లేనప్పుడు కెమెరా చూసేది ఖాళీ గోడలను. అక్కడ అది చూసేది అమ్మను, నాన్నను. వాళ్ళ మందులు, వాళ్ళ పడక, బీరువా తీసే వేళ, ఇంట్లో ఒంటరిగా ఉండే గంటలు అన్నీ దానికి తెలుసు.

ఈసారి వెళ్ళినప్పుడు సెలవుల్లో ఒక పూట దీనికి ఉంచండి. అకౌంట్ మీ మెయిల్ మీదే ఉండాలి. బిగించినవాడి మెయిల్ మీద ఉంటే కెమెరాను రీసెట్ చేసి మళ్ళీ మీ పేర తెరవండి. కొన్ని కంపెనీల కెమెరాలు పాత అకౌంట్ నుంచి తొలగిస్తేగానీ కొత్తదానికి కలవవు, కాబట్టి ఆ కుర్రాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ పని చేయించండి. పాత డీవీఆర్ ఉంటే దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. కొత్తది కొనేటట్లయితే భారత ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు తప్పనిసరి చేసిన ఎస్‌టీక్యూసీ భద్రతా ధ్రువీకరణ ఉందో లేదో అడిగి కొనండి.

పడకగదిలో, బాత్రూమ్ తలుపు కనిపించేలా, పూజగది పక్కన బట్టలు మార్చుకునే చోట కెమెరా పెట్టకండి. వాకిలి, వరండా, మెట్ల మొదలు చాలు. పడిపోతారనే భయం ఉంటే మెడలో వేసుకునే అత్యవసర బటన్‌లు, పడితే కబురు పంపే వాచీలు దొరుకుతున్నాయి. అన్నిటికన్నా ముందు వాళ్ళనే అడగండి. "మా మంచి కోసమే కదా" అని పెద్దవాళ్ళు పైకి అనరుగానీ, రోజంతా ఎవరో చూస్తున్నారన్న ఇబ్బంది వాళ్ళకూ ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

కొత్త కెమెరాల విషయంలో ఆస్ట్రేలియాలో ఒక మంచి మార్పు వచ్చింది. 2024 సైబర్ సెక్యూరిటీ చట్టం కింద చేసిన స్మార్ట్ పరికరాల నిబంధనల అమలు తేదీ 2026 మార్చి 4. వీటి ప్రకారం అన్ని పెట్టెల్లోనూ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఉండకూడదు. లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలో కంపెనీ ప్రకటించాలి. ఎన్నాళ్ళు అప్‌డేట్లు ఇస్తుందో తేదీతో చెప్పాలి. బ్రిటన్‌లో ఇలాంటి చట్టం 2024 ఏప్రిల్ 29 నుంచే ఉంది. కానీ మీ గోడకు ఇప్పటికే బిగించి ఉన్న పాత కెమెరాను ఈ నిబంధనలు వచ్చి బాగుచేయవు. అది మన పనే.

ఇంకో మాట. న్యూ సౌత్ వేల్స్‌లో 2007 సర్వేలెన్స్ డివైసెస్ చట్టం ఉంది. ఇతరుల ప్రైవేటు సంభాషణను వాళ్ళకు తెలియకుండా, ఒప్పుకోకుండా రికార్డు చేస్తే నేరం అయ్యే అవకాశం ఉంది. అందుకే వాకిలి కెమెరాలో ఆడియో అవసరం లేకపోతే ఆపేయండి, పక్కింటి కిటికీల వైపు తిప్పకండి. ఇంట్లో అద్దెకున్న విద్యార్థులు, పిల్లల్ని చూసుకునే ఆయా, ఆరు నెలలకు వచ్చిన అత్తమామలు ఎవరున్నా, కెమెరా ఎక్కడుందో ముందే చెప్పండి. మన మీద ఎవరో నిఘా పెడితే ఎంత బాధో, మనం పెట్టినా అంతే.

అనుమానం వస్తే?

కెమెరా తనంతట తాను తిరగడం, తెలియని గొంతు వినిపించడం, సెట్టింగులు మారిపోవడం, కొత్త ఊరి నుంచి లాగిన్ అయినట్టు మెయిల్ రావడం, ఇవన్నీ గుర్తులు. ముందు కెమెరా ప్లగ్ పీకేయండి లేదా బ్యాటరీ తీయండి. లాగిన్ జాబితా స్క్రీన్‌షాట్లు దాచుకోండి. వేరే ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి మెయిల్, కెమెరా పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయించండి. ఆ తర్వాతే కెమెరాను రీసెట్ చేయండి.

ఆస్ట్రేలియాలో ప్రభుత్వ రిపోర్ట్‌సైబర్ సైట్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సైబర్ సెక్యూరిటీ హాట్‌లైన్ 1300 292 371 రాత్రీపగలూ పనిచేస్తుంది. ఇంటి దృశ్యాలతో ఎవరైనా బెదిరిస్తే డబ్బు పంపకండి, ఈసేఫ్టీ కమిషనర్‌కు చెప్పండి. ప్రాణభయం ఉంటే 000. ఇండియాలో ఇంటికి జరిగితే 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. పరువు పోతుందని దాచుకోకండి. సిగ్గుపడాల్సింది చూసినవాడు.

మా ఇంట్లో కెమెరా ఇప్పుడు హాల్లో లేదు, వరండాలో గేటు వైపు చూస్తోంది. అకౌంట్ నా పేర ఉంది, జాబితాలో మూడే ఫోన్లున్నాయి. ఇదంతా అమ్మకు చాలా రోజుల తర్వాత చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇన్నాళ్ళూ నేను చెయ్యి ఊపింది నీకు కాదన్నమాట" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి రాత్రి భోజనం వేళకి వీడియో కాల్ చేస్తున్నాను. చెయ్యి ఊపితే ఇద్దరికీ కనిపిస్తుంది.